జాయ్సీ ఇఖామా రద్దయిన వారం

కువైట్‌లో, ఫర్వానియాలో మేమున్న భవనంలో, మా ఫ్లాటుకు సరిగ్గా ఎదురుగా సుందరరావు కుటుంబం ఉండేది. సుందరరావు దజీజ్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ గోదాముకు సూపర్‌వైజరు. ఓడల్లో వచ్చే గడ్డకట్టిన కోళ్లనీ చేపల్నీ దింపించి, దుకాణాలకు పంపించడం ఆయన పని. భార్య ఆనందమ్మ ఒక ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. ఇద్దరిదీ నర్సాపురం దగ్గర పక్కపక్క ఊళ్లు. వాళ్లకు ఒక్కతే కూతురు, జాయ్సీ. కువైట్‌లోనే పుట్టింది, అక్కడే పెరిగింది. ఇంట్లో గోదావరి తెలుగు, బళ్లో ఇంగ్లీషు, మెట్ల మీద ఆడుకునేటప్పుడు అరబ్బీ.

2010 జూన్‌లో ఆ ఇంట్లో గడిచిన ఒక వారం గురించి చెబుతాను. కొంత నా కళ్లముందే జరిగింది. మిగతాది తర్వాత జాయ్సీ నోటివెంట విన్నాను.

ముందు ఆ పిల్ల చదువు సంగతి చెప్పాలి. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రి వెంట గోదాముకు వెళ్లేది. మోకాళ్ల కిందకి వేలాడే చలికోటు ఒకటి వేసుకుని గదుల మధ్య తిరిగేది. ఒకసారి మునిసిపాలిటీ వాళ్లు కంటైనరు నిండా చేపల్ని పనికిరావని పట్టుకెళ్లి పాతిపెట్టించారు. పైకి అవి బాగానే ఉన్నాయి, వాసన కూడా లేదు. "మరి పాడైనట్టు ఎలా తెలిసింది డాడీ?" అని అడిగితే, ల్యాబులో చూస్తారమ్మా అన్నాడాయన. ఆ ల్యాబు ఎక్కడుంటుంది, ఎవరుంటారు, ఏం చదివితే అక్కడ కూర్చోవచ్చు అని ఆ తర్వాత చాలా రోజులు ఆయన ప్రాణం తీసింది.

పన్నెండో తరగతి అయ్యాక కౌన్సెలింగుకని తండ్రి ఆంధ్రాకి తీసుకెళ్లాడు. తల్లిదండ్రులిద్దరూ గోదావరి జిల్లా వాళ్లే అయినా, పిల్ల అక్కడ చదవలేదు కాబట్టి నాన్ లోకల్ అన్నారు. ఆ వరసలో ఆమె దాకా వచ్చేసరికి సీట్లు లేవు. వాళ్లు అక్కడ ఉండగానే ఆనందమ్మ డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయింది. గుండె కవాటంలో లోపం ఉందని, మందులతో కొన్నాళ్లు చూద్దామని డాక్టర్లు అన్నారు. జాయ్సీ వెనక్కి వచ్చేసి, అప్పుడే కొత్తగా తెరిచిన ఒక రెండేళ్ల కాలేజీలో ఆహార శాస్త్రం డిప్లొమాలో చేరింది. ఉదయం అమ్మకి మందులు ఇవ్వడం, మధ్యాహ్నం కాలేజీ, సాయంత్రం వంట. రెండేళ్లు అలాగే గడిచాయి.

ఆ డిప్లొమాతో అక్కడికక్కడ ఏ షాపులోనో లేబుళ్లు చూసే ఉద్యోగం దొరికేది. జాయ్సీకి అది చాల్లేదు. డిగ్రీ మధ్యలో చేర్చుకునే చోటు కోసం వెతికింది. మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, గల్ఫ్‌లో పనిచేసే వాళ్ల పిల్లలకని కొన్ని సీట్లు ఉన్నాయనీ, డిప్లొమా వాళ్లని కూడా తీసుకుంటామనీ జవాబిచ్చింది. అక్కడి ప్రొఫెసరమ్మకు ఈ పిల్ల నెలల తరబడి తన పాఠ్యాంశాలన్నీ ఒక్కొక్కటిగా పంపింది. చివరికి ఒక ఆదివారం పిలుపు వచ్చింది. వచ్చే సోమవారం స్వయంగా హాజరు కావాలి. ఏ సంవత్సరంలో చేర్చుకునేదీ అప్పుడే తేలుస్తారు. రాకపోతే సీటు తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది.

ఆ కబురు చెప్పడానికి జాయ్సీ చెప్పులు కూడా లేకుండా మా ఫ్లాటులోకి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే ఆనందమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. తెరిచిన తలుపులోంచి చూస్తే, వాళ్లింట్లో సుందరరావు మాత్రం సోఫాలోంచి లేవలేదు. టీవీ వైపు చూస్తున్నాడు. అది ఆపేసి ఉంది.

"డాడీ, రేపు నా పాస్‌పోర్టు తెచ్చేయండి. టికెట్టు తీసుకోవాలి" అంది జాయ్సీ.

"తెస్తాలే" అన్నాడాయన.

ఆమె పాస్‌పోర్టు అప్పటికి నెల పైనుంచి కంపెనీ మందూబ్ దగ్గర ఉంది. మందూబ్ అంటే కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఆ రోజుల్లో ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి, పాస్‌పోర్టులోనే అంటించేవాళ్లు. గడువు తీరబోతోందని రెన్యువల్ కోసం సుందరరావు దాన్ని మందూబ్ చేతికిచ్చాడు.

సోమవారం ఆయన వట్టి చేతుల్తో వచ్చాడు. మందూబ్ సీట్లో లేడట. మంగళవారం కూడా అంతే. "బుక్రా అన్నాడమ్మా. రేపిస్తాడు" అంటూ స్నానానికి వెళ్లబోయాడు. జాయ్సీ స్నానాల గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"డాడీ, ఆయన నిజంగా కనపడ్డాడా మీకు?"

"కనపడ్డాడే. రేపన్నాడు."

"మరి నిన్న సీట్లో లేడన్నారు. ఇవాళ ఫోన్లో అన్నాడా, ఎదురుగా అన్నాడా?"

సుందరరావు తువ్వాలు భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. ఆనందమ్మ వంటగదిలోంచి వచ్చింది. "ఏంటండీ? ఏదో దాస్తున్నారు మీరు. మొన్నట్నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదు."

అప్పుడు చెప్పాడాయన. కంపెనీ ఫైలు మూసేశారు. యజమాని మీద ఏదో కేసు పడి, లేబర్ ఆఫీసు వాళ్లు ఆ కంపెనీ పేరు మీద ఏ పనీ జరక్కుండా ఆపేశారు. అది తెరిచేదాకా కంపెనీలో వాళ్లకి గానీ, వాళ్ల పిల్లలకి గానీ రెన్యువల్ జరగదని మందూబ్ చెప్పాడు. ఆయనదీ ఆనందమ్మదీ వచ్చే ఏడాది దాకా ఉంది. జాయ్సీ ఇఖామా మాత్రం రెండు వారాల కిందటే తీరిపోయింది.

"తీరిపోయిందా?" అంది జాయ్సీ. "అంటే నేను రెండు వారాల్నుంచి... డాడీ, నేను రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్లొచ్చాను. దారిలో పోలీసులు ఆపి చూసుంటే?"

"ఫైలు ఇవాళో రేపో తెరుస్తారన్నారమ్మా. నిన్ను కంగారు పెట్టడం ఎందుకని..."

"ఎయిర్‌పోర్టులో పంపిస్తారా నన్ను?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇఖామా తీరిపోయిన వాళ్లు జరిమానా కట్టి కొత్త ముద్ర వేయించుకోవాలి, లేదా ఉన్నది రద్దు చేయించుకుని దేశం వదిలి వెళ్లిపోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు. రెండిట్లో ఏది చేయాలన్నా ముందు పాస్‌పోర్టు కావాలి. అదెక్కడుందో ఆయనకే తెలియదు. మందూబ్ ఆఫీసుకు రావడం మానేశాడు. ఫోను ఎత్తడం లేదు.

"యజమానిని అడగండి" అంది ఆనందమ్మ.

"ఈ పరిస్థితిలో ఆయన్నా? మొన్న ఒకతను జీతం గురించి అడిగితే సాయంత్రానికల్లా మనిషిని పంపించేశాడు. నన్నూ వెళ్లమంటే నీ ఆస్పత్రి మాటేంటి, నీ మందుల మాటేంటి?"

 జాయ్సీ తలుపు దగ్గర్నుంచి తప్పుకుంది.

మర్నాడు బుధవారం. తండ్రి డ్యూటీకి వెళ్లగానే ఆమె బషీరా బీకి ఫోన్ చేసింది. బషీరా బీది రాయచోటి వైపు. కంపెనీ యజమాని ఇంట్లో పనిచేస్తుంది. ఒకప్పుడు వేడి నూనె పడి చెయ్యి కాలితే క్లినిక్‌లో ఆనందమ్మే కట్లు కట్టింది. అప్పట్నుంచీ పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తుండేది.

"మామా ఇంట్లోనే ఉంటదా ఆంటీ? నేనొచ్చి మాట్లాడాలి" అంది జాయ్సీ. అక్కడ ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఇంటావిడను మామా అనీ, ఇంటాయన్ను బాబా అనీ అంటారు.

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అంది బషీరా బీ: "యాడికమ్మా వచ్చేది? ఇది వాళ్ల ఇల్లు. నేను పిలిపించినానని తెలిస్తే నా పని ఖలాస్. బాబా మొన్నట్నించీ నిప్పులు కక్కతాండాడు."

"మీ పేరు చెప్పను. ఆమె ఏ టైముకి నిమ్మళంగా ఉంటదో అదొక్కటి చెప్పండి."

"మధ్యాన్నం జొహర్ నమాజు అయినాక టీ తాగతాది. అప్పుడు ఇంట్లో మగోళ్లుండరు. ముందు గేటు దగ్గర గంట కొట్టు, వెనక నుంచి రాబాకు. దొంగ మాదిరి వచ్చినావంటే అరుస్తాది." ఆగి, మళ్లీ అంది: "నా చేతికి కట్టు కట్టినప్పుడు మీ అమ్మ నా కండ్లు తుడిచింది. సరే, రా."

ఆ ఎండలో, యజమాని ఇల్లున్న ఆందలుస్ దాకా టాక్సీలో వెళ్లింది జాయ్సీ. గడువు తీరిన మనిషి. దారిలో పోలీసు బండి పక్కకొచ్చి ఆగినప్పుడల్లా తన ఊపిరి తనకే వినిపించిందట. ఎక్కడైనా ఆపి బతాకా, అంటే గుర్తింపు కార్డు, చూపించమంటే అక్కణ్నుంచి నేరుగా పోలీసు స్టేషనుకే.

గంట కొడితే తలుపు తీసింది బషీరా బీయే. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసి, "మన్?" అని, అంటే ఎవరని, అరబ్బీలో గట్టిగా అడిగింది. జాయ్సీ కూడా అరబ్బీలోనే, తన పేరూ తండ్రి పేరూ చెప్పి, ఇంటావిడను కలవాలంది.

లోపల ఇంటావిడ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. మొహంలో కోపం లేదు గానీ నవ్వూ లేదు. కూర్చోమనలేదు. జాయ్సీ నిలబడే మాట్లాడింది. తను ఫలానా సుందరరావు కూతురుననీ, ఇండియాలో సీటు వచ్చిందనీ, సోమవారానికి అక్కడ ఉండాలనీ, తన పాస్‌పోర్టు మందూబ్ దగ్గర ఉండిపోయిందనీ చెప్పింది.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "ఈ అరబ్బీ ఎక్కడ నేర్చుకున్నావు? మా ఆడపిల్లలు మాట్లాడినట్టే ఉంది."

"నేను ఇక్కడే పుట్టాను, ఖాలా" అంది జాయ్సీ. ఖాలా అంటే పిన్ని.

"మీ నాన్న ఇన్నేళ్లుగా మావాళ్ల దగ్గరే ఉన్నాడుగా. ఆయన అడగొచ్చుగా. నిన్నెందుకు పంపాడు?"

"ఆయన పంపలేదు. నేను వచ్చినట్టు ఆయనకు తెలియదు. ఆయనకు అడగాలంటే భయం."

ఆవిడ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. "మరి మా ఇల్లు నీకు ఎవరు చూపించారు?"

బషీరా బీ తలుపు పక్కన పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెంలో గ్లాసులు సన్నగా మోగుతున్నాయి. జాయ్సీ అటు చూడలేదు. "గోదాములో అందరికీ తెలుసు ఖాలా. చేపలు ఇక్కడికి పంపిస్తుంటారుగా" అంది.

ఇంటావిడ పనిమనిషి వైపు ఒకసారి, ఈ పిల్ల వైపు ఒకసారి చూసింది. ఆవిడకు అర్థమయ్యే ఉంటుంది. ఏమీ అనకుండా ఫోన్ తీసి భర్తకు కలిపింది. మొదట మెల్లగా మాట్లాడింది. అవతల ఆయన గొంతు పెంచినట్టున్నాడు, ఆవిడ ఇంకా పెంచింది. ఒక్క ముక్క జాయ్సీకి బాగా గుర్తుంది: "అది ఆడపిల్ల కాగితం, నీ సరుకు కాదు."

ఫోన్ పెట్టేసి, సాయంత్రానికి మనిషి తెచ్చిస్తాడు వెళ్లమంది. జాయ్సీ గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, "కానీ ముద్ర పడదు, బింతీ. అది నా చేతిలో లేదు" అంది. బింతీ అంటే బిడ్డా అని.

చెప్పినట్టే సాయంత్రం మందూబ్ వచ్చి, కిందనే కారులో కూర్చుని, పాస్‌పోర్టు కిటికీలోంచి సుందరరావు చేతిలో పెట్టాడు. నీ కూతురు యజమాని ఇంటికెళ్లి, మా నాన్నకి అడగాలంటే భయం అందట కదా అన్నాడు. ఫైలు ఎప్పుడు తెరుస్తారో దేవుడికే తెలియాలన్నాడు. ఆగితే ఆగండి, లేదంటే రేపు పొద్దున్నే ఇమ్మిగ్రేషన్‌కి వెళ్లి క్యాన్సల్ చేయించుకోండి, ఎల్లుండి శుక్రవారం, ఆఫీసులకు సెలవు అని చెప్పి వెళ్లిపోయాడు.

సుందరరావు మెట్లెక్కి వచ్చేటప్పుడు ఆయన మొహం నేను చూశాను. పలకరించబోయి ఊరుకున్నాను. ఆ తర్వాత వాళ్ల తలుపు మూసి ఉన్నా మాటలన్నీ మాకు వినిపించాయి.

"వాళ్లింటికెళ్లి మా నాన్నకి భయం అని చెప్పావా?"

"నిజమే చెప్పాను డాడీ."

"ఇరవై ఏళ్లమ్మా! ఆ గోదాములో ఇరవై ఏళ్లు తలెత్తుకు తిరిగాను. రేపట్నుంచి ఆయన నన్నెలా చూస్తాడు?"

"మీరు నాకు ముందే చెప్పుంటే నేను వెళ్లేదాన్ని కాదు."

కుర్చీ లాగిన చప్పుడైంది. తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "క్యాన్సల్ చేస్తే మళ్లీ రాలేవు తల్లీ. పెద్దపిల్లవి. కొత్తగా ఫ్యామిలీ వీసా ఇవ్వరు. మీ అమ్మకి రేపేదైనా అయితే నువ్వు రావాలన్నా రాలేవు. ఒక్క ఏడాది ఆగు. ఫైలు తెరుస్తారు, ముద్ర పడుద్ది, అప్పుడు దర్జాగా వెళ్లు."

"వచ్చే ఏడాది వాళ్లు తీసుకుంటారని ఏంటి గ్యారంటీ?"

"తీసుకోకపోతే మానె. ఇక్కడ ఉద్యోగం లేదా? మీ అమ్మ దగ్గర ఉంటావు. ఆవిడ గుండె..."

అప్పటిదాకా మాట్లాడని ఆనందమ్మ అప్పుడు మాట్లాడింది. ఆ మనిషి గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"నా గుండెని అడ్డం పెట్టొద్దండీ. ఒకసారి దాని కోసం పిల్ల వెనక్కొచ్చేసింది. రెండేళ్లు నా కాళ్ల దగ్గర కూర్చుని చదువుకుంది. ఇంకోసారి నా వంక పెట్టుకుని ఆగిపోతే, అది నన్ను ప్రేమగా చూసినా నేను దాని మొహం చూడలేను. రేపు నేనూ వస్తాను ఆఫీసుకి. మీరు సంతకం పెట్టకపోతే ఏం చేస్తానో నాకు తెలీదు, ఏదోటి చేస్తాను."

గురువారం పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. తండ్రి ముందు సీట్లో, తల్లీకూతుళ్లు వెనక.  ఇమ్మిగ్రేషన్ ఆఫీసు జనంతో కిక్కిరిసి ఉంది. జరిమానా కట్టి, బయట టైపు కొట్టేవాళ్ల దగ్గర కాగితం కొట్టించుకుని, ఆడవాళ్ల కిటికీ వైపు వరసలో నిలబడ్డారు. వరస కదలడం లేదు. కిటికీ దాకా వచ్చేసరికి లోపలున్న పోలీసమ్మాయి గడియారం చూసుకుంటోంది. కాసేపట్లో మూసేస్తారు.

"తండ్రి ఎక్కడ? ఇక్కడ సంతకం" అంది.

సుందరరావు పెన్ను అందుకున్నాడు. కాగితం మీద ఆనించాడు. ఆనించి అలాగే ఉండిపోయాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు.

"యల్లా, యల్లా" అంటూ తొందరపెడుతోంది లోపలి అమ్మాయి. వెనకున్న వాళ్లు గొడవ చేస్తున్నారు. ఆనందమ్మ కిటికీ చువ్వ పట్టుకుని, అక్కణ్నుంచి కదిలేది లేదన్నట్టు నిలబడింది. జాయ్సీ బయటికి పరిగెత్తింది.

ఆయన గోడ నీడలో, మంచినీళ్ల కూలరు పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్లు పట్టుకున్నాడు గానీ తాగడం లేదు.

"నువ్వు పుట్టిన నెలలో ఇక్కడికే వచ్చాను" అన్నాడు ఆమె వైపు చూడకుండా. "నీ పేరు రాయించుకోడానికి. చొక్కా జేబులో నీ ఫోటో పెట్టుకుని వచ్చాను. ఆ రోజూ ఇంతే జనం. నాకేం కష్టంగా లేదు ఆ రోజు."

జాయ్సీ ఆయన పక్కన కూర్చుంది.  ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని సగం తాగి మిగతాది ఆయనకే ఇచ్చింది.

"కిటికీ మూసేస్తారు డాడీ" అంది చివరికి.

ఆయన ఆ నీళ్లు తాగాడు. మూతి తుడుచుకుని లేచాడు. వాళ్లు లోపలికి వెళ్లేసరికి పోలీసమ్మాయి కిటికీ తలుపు సగం దించేసింది. ఆనందమ్మ దాని కింద చెయ్యి పెట్టి ఉంది. నలిగితే నలగనీ అన్నట్టు ఆ చెయ్యి వెనక్కి తీయలేదు. సుందరరావు నిలబడే సంతకం పెట్టాడు. ముద్ర పడింది. "ఖలాస్" అంది లోపలి అమ్మాయి, ఇక వెళ్లమన్నట్టు.

శనివారం విమానం ఎక్కింది జాయ్సీ. ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూసే కుర్ర ఆఫీసరు రద్దయిన ముద్ర చూశాడు, పుట్టిన ఊరు చూశాడు, మళ్లీ ఆమె మొహం చూశాడు. ఇక్కడి పిల్లవేగా, మళ్లీ ఎప్పుడొస్తావు అని అరబ్బీలో అడిగాడు. తెలియదు అందామె. విమానం గాల్లోకి లేచేదాకా ఎవరో వచ్చి దిగమంటారనే అనిపించిందట.

అంతటితో గండం గడిచిందనుకున్నాం. గడవలేదు. సోమవారం విశ్వవిద్యాలయంలో పాస్‌పోర్టు పరీక్షించే గుమాస్తా దగ్గర ఆమె చేరిక ఆగిపోయింది.

"ఇది గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పిల్లల సీటు. మీ వీసా రద్దయింది. మీరు గల్ఫ్‌లో లేరు" అన్నాడాయన హిందీలో.

"పనిచేసేది మా నాన్నండి, నేను కాదు."

"ఆయన ఇంకా అక్కడే ఉన్నట్టు ఆధారం? కంపెనీ నుంచి ఇవాళ్టి తేదీతో రాయించి తెప్పించండి. సాయంత్రం ఆఫీసు కట్టేసేలోపు ఫ్యాక్స్ రావాలి."

కంపెనీ నుంచి! ఫైలు మూసేసిన కంపెనీ, ఎవరు ఏం అడిగినా విరుచుకుపడుతున్న యజమాని. జాయ్సీ వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. సుందరరావు అంతా విని, "సరే, ఫోన్ పెట్టెయ్. ఫ్యాక్స్ దగ్గరే ఉండు" అన్నాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో గోదాములో పనిచేసే వాళ్లు మాకు చెప్పారు. ఆయన చలికోటు విప్పకుండానే మెట్లెక్కి యజమాని గదిలోకి వెళ్లాడట. లోపల ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఉన్నారు. తర్వాత రమ్మని యజమాని చెయ్యి ఊపాడు. సుందరరావు కదల్లేదు. "తర్వాత కుదరదు బాబా. ఇప్పుడే కావాలి. నేను మీ దగ్గర పనిచేస్తున్నానని ఒక్క ముక్క రాసివ్వండి. పని తీసేయాలనుకుంటే అది రాసిచ్చాక తీసేయండి" అన్నాడట, వచ్చీ రాని అరబ్బీలో.  యజమాని చాలాసేపు ఆయన్నే చూసి, గుమాస్తాను పిలిచాడు.

ఫ్యాక్స్ వెళ్లింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆయన మా తలుపు కొట్టాడు. "పని తీసేయలేదండి. ఎందుకు తీసేయలేదో నాకూ తెలీదు" అంటూ మా హాల్లో కూర్చుని టీ తాగాడు. 

సీటు దక్కింది గానీ మొత్తం దక్కలేదు. కువైట్‌లో చదివిన రెండేళ్లలో ఒక్క ఏడాదే లెక్కకు వచ్చింది. ప్రయోగశాలలో గడిపిన సమయం చాలదని రెండో ఏడాది కొట్టేశారు. ఇన్నాళ్లు జవాబులు రాసిన ప్రొఫెసరమ్మే ఆ మాట చెప్పింది. "కోపంగా ఉందా?" అని కూడా అడిగింది. ఉందండి అని చెప్పి జాయ్సీ రెండో ఏడాదిలో చేరిపోయింది. హాస్టల్లో అమ్మాయిలందరూ మరాఠీ. మొదట్లో అన్నం బల్ల దగ్గర ఒంటరిగా కూర్చునేది. దీపావళి నాటికి వాళ్లతో పోట్లాడేంత మరాఠీ వచ్చింది.

అక్టోబరులో కంపెనీ ఫైలు తెరిచారు. ఆ కబురు విని చర్చిలో కొందరు, "నాలుగు నెలలు ఓపిక పట్టుంటే ఇఖామా నిలిచేది కదండీ" అన్నారు సుందరరావుతో. "నిలిచేదండి. సీటు నిలిచేది కాదు" అని ఆయన వాళ్లకి ఆ ఒక్క ముక్కే చెప్పేవాడు. బషీరా బీ ఫోను మాత్రం ఆ ఇంటావిడ నెల రోజులు లాగేసుకుందని మాకు తర్వాత తెలిసింది. బషీరా బీ క్లినిక్‌కి వచ్చినప్పుడు ఆనందమ్మ చేతులు పట్టుకుంటే, "పోనీలే అక్కా, ఆ నెల నిద్రన్నా పోయినా" అందట.

సుందరరావు భయపడిందీ జరిగింది. రెండేళ్ల తర్వాత చలికాలంలో ఆనందమ్మకు ఆపరేషన్ తప్పలేదు. జాయ్సీ కోసం విజిట్ వీసాకు పెట్టారు. వీసా వచ్చేలోపే ఆపరేషన్ రోజు వచ్చేసింది. ఆస్పత్రిలో ఆనందమ్మ పక్కన నేనున్నాను. జాయ్సీ పరీక్షలు రాస్తూ మధ్యమధ్యలో ఫోన్ చేసేది. థియేటర్ తలుపు మూశాక సుందరరావు ఆమెకి కలిపి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి వరండాలో బెంచీ మీద ఉంచాడు.  అటు హాస్టల్ చప్పుడు, ఇటు ఆస్పత్రి చప్పుడు.

చాలాసేపటికి ఆ ఫోన్లోంచి, "మీరు చెప్పినట్టే అయ్యింది డాడీ. నేను రాలేకపోయాను" అని వినిపించింది.

"అయ్యిందమ్మా. నేను చెప్పింది నిజమే. నువ్వెళ్లిందీ నిజమే" అన్నాడాయన. "ఫోన్ కట్ చెయ్యకు. అలా ఉంచు."

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆనందమ్మ మెల్లగా కోలుకుని మళ్లీ డ్యూటీలో చేరింది. జాయ్సీ డిగ్రీ పూర్తిచేసి, రత్నగిరిలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ ప్రయోగశాలలో ఉద్యోగం సంపాదించుకుంది. తల్లిదండ్రులు సెలవు దొరికినప్పుడల్లా అక్కడికే వెళ్లేవాళ్లు.

2014లో ఎట్టకేలకు నెల రోజుల విజిట్ వీసా దొరికి వచ్చింది. లిఫ్టులో నాకే మొదట ఎదురుపడింది. చిక్కిపోయింది, గొంతులో మరాఠీ యాస. ఆ నెలంతా ఆ ఫ్లాటు తలుపు మూసుకున్నది తక్కువ. తల్లి వండిపెట్టేది. తండ్రి సెలవు పెట్టి కూతుర్ని మార్కెట్లన్నీ తిప్పాడు. ఒక సాయంత్రం మా వంటగదిలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ జాయ్సీ ఈ కథంతా నాకు చెప్పింది. చెబుతున్నప్పుడు ఆనందమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఆ రోజు కిటికీ తలుపు కింద తన చెయ్యి నిజంగానే నలిగిందనీ, వారం రోజులు డ్యూటీలో గ్లవుజు వేసుకుని దాచిందనీ చెప్పింది. అది జాయ్సీకి కూడా అప్పటిదాకా తెలియదు. గిన్నె పక్కన పెట్టి తల్లి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.